మామగారి పాత గుర్రపు కళ్ళేలు: తోమాలా, అలాగే ఉంచాలా, అమ్మేయాలా?

పాన్‌హ్యాండిల్_కోడలు:
అందరికీ నమస్తే. మాది గుంటూరు, పెళ్ళయ్యాక టెక్సస్‌లో డాల్హార్ట్ దగ్గర స్థిరపడ్డాను. మావారి వాళ్ళది నాలుగు తరాల పశువుల రాంచ్. పోయిన చలికాలం మామగారు పోయారు. ఆయన జీన్లు పెట్టుకునే గది సర్దుతుంటే గోడ మేకులకీ, దాణా బస్తాల కిందా, ఒక పాత పాలక్యాన్‌లోనూ కలిపి నలభై దాకా పాత కళ్ళేలు బయటపడ్డాయి. తోలు పట్టీల సంగతి కాదు, గుర్రం నోట్లో పెట్టే ఇనుప బిట్ల గురించే అడుగుతున్నా. చాలావరకు మామూలు ఇనుమే, కొన్నిటికి మాత్రం పక్క రేకుల మీద వెండి పువ్వులూ చంద్రవంకలూ ఉన్నాయి. ఒకదాని లోపలివైపు లంగరు గుర్తు ఉంది, ఇంకోదాని మీద కెల్లీ బ్రదర్స్ అని ఉంది, ఒకదాని మీద ఉత్త అంకెలే.

మా అమ్మ ఇక్కడే ఉంది, చింతపండు పెట్టి తోమితే అద్దంలా మెరుస్తాయని పళ్ళెం పట్టుకుని రెడీగా కూర్చుంది. మరిదేమో ఆన్‌లైన్‌లో పెట్టి అమ్మేద్దాం, డబ్బు పంచుకుందాం అంటాడు. మావారు ఏదీ తేల్చరు. నాకైతే పిల్లల కోసం ఉంచాలనుంది, కానీ ఏది ఎందుకు ఉంచాలో కూడా తెలీదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి ప్లీజ్.

తుప్పు_మాస్టారు:
అమ్మగారిని ముందు ఆపండి! చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, తుప్పు వదిలించే జెల్లు, వైరు బ్రష్షు, ఏవీ వద్దు. పులుపు తుప్పుతో పాటు ఏళ్ళ తరబడి పట్టిన ఆ ముదురు గోధుమ పొరని కూడా తినేస్తుంది, కింద బూడిదరంగు పచ్చి ఇనుము బయటపడుతుంది, అది మళ్ళీ ఇంకా త్వరగా తుప్పు పడుతుంది. పైగా వెండి రేకు అంచు కింద తడి నిలిచిపోతే కొన్నాళ్ళకి రేకు పైకి లేస్తుంది. సేకరించేవాళ్ళు చూసేది ఆ పాత పొరనే, మెరుపుని కాదు.

చేయాల్సింది తక్కువే. మెత్తటి పొడి బ్రష్షుతో మట్టీ, ఎండిపోయిన చొంగా దులపండి (చొంగలోనూ చెమటలోనూ ఉప్పు ఉంటుంది, దాన్ని వదిలేస్తే లోపల తినేస్తూనే ఉంటుంది). జిడ్డు ఉంటే నూలు గుడ్డకి కొంచెం మినరల్ స్పిరిట్స్ (పెయింటు పల్చన చేసే ద్రావకం) అద్ది తుడవండి. రాలుతున్న తుప్పు ఉంటే పల్చటి నూనె రాసి నానబెట్టి, రాలేది రాలాక అక్కడితో ఆపేయండి. బాగా ఆరాక మ్యూజియంల వాళ్ళు వాడే మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్ పల్చగా పూస్తే చాలు. నోట్లోకి వెళ్ళే కడ్డీ మీద సన్నటి తుప్పు చూసి కంగారు పడకండి, దాన్ని కావాలనే మెత్తని ఇనుముతో చేస్తారు, ఆ తుప్పు రుచికి గుర్రానికి చొంగ ఊరుతుందని. రాగి ముక్కలు అతికేదీ అందుకే.

ఇక గుర్తులు. లంగరు అంటే కనెక్టికట్‌లోని నార్త్ అండ్ జడ్, పెద్ద ఫ్యాక్టరీ. న్యూవార్క్‌లో నక్షత్రం గుర్తుతో చేసిన ఆగస్ట్ బ్యూర్మన్ కంపెనీని కూడా 1926లో వాళ్ళే కొన్నారు. అవి కుప్పలుగా తయారయ్యాయి, కాబట్టి అరుదైనవేమీ కాదు, పాత పశువుల కాపరి నిజంగా వాడింది మాత్రం ఎక్కువగా అవే. కెల్లీ మీ టెక్సస్ వాళ్ళే, మీ డాల్హార్ట్‌లోనూ పనిచేసి తర్వాత ఎల్ పాసో వెళ్ళారు. ఊరి సరుకు కాబట్టి దాన్ని మాత్రం వదులుకోకండి. ఉత్త అంకెలున్నది కొలరాడోలో క్యానన్ సిటీ జైల్లో ఖైదీలు చేసింది కావచ్చు, వాళ్ళ పనిమీద ఖైదీ నంబరు కొట్టేవారు. దాన్ని తెలిసినవాళ్ళకి చూపించకుండా ఎవరికీ ఇవ్వొద్దు.

వెండి సంగతి కూడా చూసుకోండి. కొన్నిటికి పైన రేకు అతుకుతారు, కొన్నిటికి మన బిద్రీ పనిలో లాగా గాడి చెక్కి పొదుగుతారు. నల్లబడితే వెండి, పసుపు ఛాయలోకి మసకబారితే నికెల్ సిల్వర్ అనుకోవచ్చు, పేరులో తప్ప అందులో వెండి ఉండదు.

నెల్లూరోడు:
టాపిక్ పక్కకి పోతోంది గానీ, టెక్సస్ రాంచ్ అనగానే చెప్పాలనిపించింది. అమెరికన్ బ్రామన్ పశువుల్లో మన ఒంగోలు రక్తం ఉంది, వాళ్ళు దాన్ని నెల్లూరు జాతి అని రాసుకున్నారు. అవి గల్ఫ్ తీరం ఎండలకి ఎక్కువ, మీ వైపు చలికి హెర్‌ఫర్డ్, ఆంగస్ జాతులు అనుకుంటా. ఏమైనా గుంటూరు కోడలు వెళ్ళడానికి చాలా ముందే గిత్తలు వెళ్ళాయన్నమాట :)

లబ్బక్_అక్క:
మాస్టారు ఇనుము గురించి చెప్పారు, బాగుంది. నేను మనుషుల గురించి చెప్తా. మీ అత్తగారు ఉన్నారా? ఉంటే ఈ వారమే ఒక్కో కళ్ళెం ఆవిడ చేతికిచ్చి ఫోన్‌లో రికార్డు చేయండి. ఇది ఎవరిది, ఏ గుర్రానికి పెట్టేవారు, ఆ గుర్రం నోరు మెత్తనా మొండా, ఎక్కడ కొన్నారు. వెండి పని ఎంత గొప్పదైనా ఎవరు వాడారో తెలియకపోతే మీ పిల్లలకి అది దుకాణంలో వస్తువే. మేకు మీద ఏది ఎక్కడుందో ముందే ఫోటో తీసి ఉంటే సరే, లేకపోతే మిగిలినవి కదిలించకముందే తీయండి. ఒక్కోదానికి నూలు దారంతో చీటీ కట్టి నంబరు వేయండి, స్టిక్కర్లు వద్దు, జిగురు మరక పోదు.

మామగారు ముడివేసిన పగ్గాలు దేనికైనా ఇంకా ఉంటే విప్పకండి. తోలు తగిలిన చోట రాగీ ఇత్తడీ పచ్చగా చిలుము పడతాయి నిజమే, మధ్యలో ఆమ్లం లేని కాగితం పెడితే సరిపోతుంది. ముడి మళ్ళీ ఆయనలా ఎవరు వేస్తారు?

ఇంకొకటి, రాంచ్ ముద్ర (పశువులకి కాల్చి వేసే గుర్తు) టెక్సస్‌లో కౌంటీ క్లర్క్ దగ్గర రిజిస్టర్ అయి ఉంటుంది, పదేళ్ళకోసారి తిరగరాయించాలి. ఆ నకలు తీసుకుని కళ్ళేలతో పాటు పెట్టండి. పాత లెక్కల పుస్తకాలు, ఉత్తరాలు దొరికితే పారేయకండి, టెక్సస్ టెక్ యూనివర్సిటీలో సౌత్‌వెస్ట్ కలెక్షన్ అని ఉంది, రాంచ్ కాగితాలు భద్రపరుస్తారు. వందేళ్ళు ఒకే కుటుంబం చేతిలో ఉన్న భూమికి రాష్ట్ర వ్యవసాయ శాఖ ఫ్యామిలీ ల్యాండ్ హెరిటేజ్ గుర్తింపు ఇస్తుంది, నాలుగు తరాలంటున్నారు కాబట్టి సంవత్సరాలు లెక్క చూసుకోండి.

పాన్‌హ్యాండిల్_కోడలు:
థాంక్యూ మాస్టారూ, థాంక్యూ అక్కా. పళ్ళెం లోపల పెట్టించేశాను, అమ్మ కొంచెం అలిగింది. అత్తయ్య ఉన్నారు, ఒకటి చూపిస్తే గంట మాట్లాడారు! మా పెద్దమ్మాయి మాత్రం వెండి పువ్వులది తన గుర్రానికి పెడతానంటోంది, పెట్టొచ్చా? మరిదికి ఏం చెప్పను?

తుప్పు_మాస్టారు:
గుర్రానికి వద్దు. అరిగిన అంచులు నాలుకని కోస్తాయి, అతుకుల్లో సన్నటి పగుళ్ళు కంటికి కనపడవు. గోడకి పెట్టుకోమనండి.

కాకి_లెక్క:
నాది వేరే అభిప్రాయం. నలభై ఉంచి ఏం చేస్తారు? అత్తగారు కథ చెప్పలేకపోయిన మామూలు ఫ్యాక్టరీ సరుకు మరిదికిచ్చేయండి, అమ్ముకుంటాడు, ఇంట్లో గొడవ ఉండదు. కెల్లీదీ, అంకెలదీ, ముడులున్నవీ మీ దగ్గర ఉంచండి. అమ్మేముందు బిట్లూ స్పర్లూ (గుర్రాన్ని అదిలించడానికి బూటు మడమకి కట్టుకునే ముళ్ళు) సేకరించేవాళ్ళ సంఘాల ప్రదర్శనలకి వెళ్ళి ధర కనుక్కోండి, ఆన్‌లైన్‌లో మొదట మెసేజ్ పెట్టినవాడికి ఇచ్చేయకండి. ఏది ఎవరికి వెళ్ళిందో కాగితం మీద రాసి అన్నదమ్ములిద్దరితో సంతకం పెట్టించండి.