ఏఆర్-15కి ట్రిగ్గర్ మార్చాలా, ఆ డబ్బుతో తూటాలు కొనాలా?

పల్నాడు_టు_ప్లానో:
గ్రీన్‌కార్డు వచ్చాక నిరుడు మామూలు ఏఆర్-15 రైఫిల్ ఒకటి కొన్నాను. 100 గజాల్లో ఐదు తూటాలు కాలిస్తే అరచేతి వెడల్పున చెదిరిపోతున్నాయి. మొన్న రేంజ్‌లో పక్క బెంచీ పెద్దాయన తన రైఫిల్ చేతికిచ్చాడు. నా తూటాలే, నా భుజమే. ఈసారి చెదురు సగానికి తగ్గింది! ట్రిగ్గర్ నొక్కుతుంటే గాజు పుల్ల విరిగినట్టుంది. గైస్లీ కంపెనీ ఎస్ఎస్ఏ-ఈ ట్రిగ్గర్ అట, 240 డాలర్ల చుట్టుపక్కల. నాదేమో ఇసుకలో గోనెసంచి ఈడ్చినట్టు గరగరలాడుతూ కదులుతుంది. "వేలెడంత ఇనపముక్కకి అంత డబ్బా?" అంటోంది మా ఆవిడ. కొనమంటారా?

తూటా_ఖర్చు:
చెల్లెమ్మ మాట వినండి. 240 డాలర్లకి అటూఇటూగా 500 తూటాలు వస్తాయి. ఆ 500 నెమ్మదిగా, పద్ధతిగా కాల్చాక కూడా చెదురు తగ్గకపోతే అప్పుడు ట్రిగ్గర్‌ని తిట్టండి. ఇంకో మాట. పెద్దాయన రైఫిల్‌లో బ్యారెల్ ఏది, స్కోప్ ఏది అని అడిగారా? మూడు మారితే పేరు ఒక్కదానికి ఇచ్చేస్తున్నారు.

సర్వీస్_రైఫిల్_అన్న:
తూటాలు ముఖ్యమే, కాదనను. కానీ మిల్-స్పెక్ ట్రిగ్గర్‌కి, అంటే సైన్యం కొలతల ప్రకారం చేసినదానికి, ఒప్పుకునే లాగుడు బరువు 5.5 నుంచి 9.5 పౌండ్ల దాకా. రైఫిల్ బరువే ఏడు పౌండ్ల చిల్లర. దానంత బలం చూపుడువేలితో లాగుతుంటే గురి పక్కకి జరగదా? 500 తూటాలూ ఆ వణుకునే అలవాటు చేస్తాయి.

తమ్ముడూ, సింగిల్ స్టేజా, టూ స్టేజా అన్నది ముందు తేల్చుకో. టూ స్టేజ్ అంటే బావిలో నీళ్ళు తోడటమే. మొదట తాడు వదులుగా వస్తుంది, తర్వాత బొక్కెన బరువు చేతికి తగులుతుంది. అక్కడ ఆగి, ఊపిరి బిగపట్టి, ఇంకాస్త లాగితే పేలుతుంది. గైస్లీ ఎస్ఎస్ఏలో మొదటి మెట్టు 2.5 పౌండ్లు, రెండోది 2, మొత్తం 4.5. సింగిల్ స్టేజ్‌లో ఈ ఆగడం ఉండదు, మొదటి నుంచీ గోడే. టిమ్నీ, సీఎంసీ వాళ్ళవి 3, 3.5 పౌండ్లలో దొరుకుతాయి. వేగంగా కాల్చే పోటీల వాళ్ళు వాటినే ఇష్టపడతారు.

ఎస్ఎస్ఏ-ఈ మాత్రం సుమారు 3.5 పౌండ్లు. ఎప్పటికైనా సీఎంపీ (సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్) వాళ్ళ సర్వీస్ రైఫిల్ గురి పోటీలకి రావాలనుంటే అది వద్దు. అక్కడ 4.5కి తగ్గకూడదు. రైఫిల్‌ని నిలువుగా పట్టుకుని ట్రిగ్గర్‌కి తూకపు రాయి తగిలించి ఎత్తుతారు. నా మొదటి పోటీలో రాయి నేల వదలకముందే 'టిక్' మంది. రెండు గంటలు కారు నడిపి వెళ్ళి, టీ తాగి తిరిగొచ్చాను.

హెచ్1బీ_బాధితుడు:
మధ్యలో అడుగుతున్నానని తిట్టకండి. నాలాంటి వీసా వాళ్ళు కొనొచ్చా?

సర్వీస్_రైఫిల్_అన్న:
మామూలుగా కుదరదు. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీదున్నవాళ్ళ దగ్గర తుపాకి ఉండటాన్నే ఫెడరల్ చట్టం నిషేధించింది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. లాయర్‌ని అడక్కుండా ముట్టుకోవద్దు. గ్రీన్‌కార్డుకే ఎసరొస్తుంది.

గరుకు_కాగితం:
డబ్బు మిగుల్చుదామని ఉన్న ట్రిగ్గర్‌నే రుద్దేవాళ్ళకి నా కథ. వీడియో చూసి సియర్ అంచుని, అంటే తూటాని పేల్చే హేమర్‌ని ఆపి ఉంచే కొసని, గరుకు కాగితంతో అద్దంలా నునుపు చేశాను. నెల రోజులు వెన్నలా ఉంది. ఓ శనివారం ఒక్కసారి నొక్కితే రెండు తూటాలు వెళ్ళాయి. ఒళ్ళంతా చెమట. ఆ భాగాలకి పైపొర మాత్రమే గట్టిపరిచి ఉంటుంది. అది పోతే లోపలి మెత్తటి ఇనుము అరిగిపోతుంది. పైగా ఒక్క నొక్కుకి రెండు పేలితే చట్టం దాన్ని మెషీన్‌గన్‌గా లెక్కకట్టే ప్రమాదం ఉంది. రేంజ్ ఆఫీసర్ అక్కడే ఆపించాడు. విప్పి, కొత్త సెట్ వేయించుకున్నాను. నునుపే కావాలంటే ఏఎల్‌జీ కంపెనీ ఏసీటీ ట్రిగ్గర్ లాంటిది కొనండి. మిల్-స్పెక్ ఆకారమే, పని ఫ్యాక్టరీలోనే అయిపోయి వస్తుంది.

రాత్రి_కాపలా:
ఇంటి రక్షణకి ఉంచుకునే రైఫిల్ అయితే మూడు పౌండ్లు నాకు భయం. అర్ధరాత్రి, టెన్షన్‌లో, చేతులు వణుకుతుంటే అంత తేలిక అక్కర్లేదు. తేలిక కోసం హేమర్ స్ప్రింగ్ బలం తగ్గిస్తే ఇంకో చిక్కు. మిలిటరీ తూటాల ప్రైమర్లు (తూటా వెనక, దెబ్బ తగిలితే అంటుకునే బిళ్ళలు) గట్టివి, దెబ్బ చాలక కొన్ని పేలవు.

పల్నాడు_టు_ప్లానో:
పెద్దాయన్ని మళ్ళీ కలిశాను. తూటా_ఖర్చు గారూ, మీరన్నట్టే ఆయనది బరువు బ్యారెల్, స్కోప్ కూడా నాదానికి రెట్టింపు ఖరీదు. నవ్వుతూ ట్రిగ్గర్ బరువు కొలిచే గేజ్ ఇచ్చాడు. నా ట్రిగ్గర్ కొలిస్తే పది సార్లకి సగటు 7.25 పౌండ్లు. ఒకసారి ఆరున్నర, ఒకసారి ఎనిమిది. బరువు కంటే ఈ తేడాయే చిరాకు పుట్టిస్తోంది. పోటీల మాట విన్నాక 4.5 పౌండ్ల టూ స్టేజే, లారూ వాళ్ళది ఎంబీటీ, ఆర్డర్ పెట్టేశాను. గైస్లీ కంటే బాగా చవక. మా ఆవిడకి సగం ధరే చెప్పాను.

తూటా_ఖర్చు:
సరే, కానివ్వండి. పార్శిల్ వచ్చేలోపు ఓ పని చేయండి. తూటాలు వేరే గదిలో పెట్టి, చాంబర్ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, బ్యారెల్ కొసన రూపాయి బిళ్ళ నిలిపి ఆ ఏడు పౌండ్లదే నొక్కండి. పదికి ఎన్నిసార్లు పడిందో ఇక్కడ రాయండి. కొత్తది వేశాక మళ్ళీ పది. పెద్దాయన బ్యారెల్ అడ్డం రాదు కదా ఇందులో.

పల్నాడు_టు_ప్లానో:
ఇప్పుడే చేశాను. పదికి ఎనిమిది పడ్డాయి. ఒకటి సోఫా కిందకి దొర్లింది, ఇంకా దొరకలేదు.