సాహిత్య వ్యాసంలో ప్రతిపాదన వాక్యాన్ని, పేరాల తొలి వాక్యాలను బలంగా రాయడం ఎలా?

ప్రశ్న (ఎం.ఏ. విద్యార్థిని)

అందరికీ నమస్కారం. గురజాడ అప్పారావు గారి ‘దిద్దుబాటు’ కథ మీద సుమారు రెండు వేల పదాల వ్యాసం రాస్తున్నాను. చిత్తుప్రతి చదివిన మా అధ్యాపకులు, కథంతా చెప్పాను గానీ కథ గురించి నేనేమంటున్నానో ఎక్కడా చెప్పలేదని అంచులో రాశారు. వ్యాసం మొత్తానికి ప్రతిపాదన అనుకుని నేను రాసిన వాక్యం ఇది: “దిద్దుబాటు కథలో గురజాడ స్త్రీ విద్య ప్రాముఖ్యాన్ని, సంఘ సంస్కరణ ఆవశ్యకతను ఎంతో చక్కగా చిత్రించారు.” ఆ తరువాతి పేరాలు వరుసగా ఇలా మొదలవుతాయి: “గోపాలరావు అర్ధరాత్రి దాటిన తరువాత ఇంటికి వస్తాడు.” “గదిలో అతనికి కమలిని రాసిన ఉత్తరం దొరుకుతుంది.” “చివరకు గోపాలరావు తన తప్పు తెలుసుకుంటాడు.”

ఇవి బలహీనంగా ఉన్నాయని నాకూ అనిపిస్తోంది కానీ, ఎందుకు బలహీనమో తేల్చుకోలేకపోతున్నాను. ప్రతిపాదనను రాయడం మొదలుపెట్టక ముందే స్థిరపరచుకోవాలా? ప్రతి పేరాకూ మొదటి వాక్యంలోనే విషయం చెప్పి తీరాలా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం (తెలుగు అధ్యాపకుడు)

మీ ప్రతిపాదన వాక్యంలో తప్పు అనదగిన మాట ఒక్కటీ లేదు. దాని బలహీనత సరిగ్గా అక్కడే ఉంది. ఆ కథ చదివినవారెవరూ దాన్ని కాదనరు. ఎవరూ కాదనని మాటను నిరూపించడానికి రెండు వేల పదాలు అక్కరలేదు కనుక, మిగిలిన ఖాళీని పూరించడానికి కలం తనంతట తానే కథ చెప్పడంలోకి జారుతుంది. సారాంశం రాసే అలవాటు అని మనం విద్యార్థులను తప్పుపట్టేది చాలా సందర్భాల్లో అలవాటు కాదు, వాదించడానికి ఏమీ లేకపోవడం.

మరో పరీక్ష చేసి చూడండి. ఆ వాక్యంలో కథ పేరు, రచయిత పేరు తీసివేసి, కందుకూరి వీరేశలింగం గారి రచన దేన్నైనా పెట్టండి. వాక్యం చెక్కుచెదరదు. వేరే రచనకు మార్చినా నిలబడే వాక్యం ఈ కథను చదివి రాసినది కాదు. ఆ కాలాన్ని గురించి మనందరికీ ముందే తెలిసిన విషయాన్ని ఈ కథకు అంటించినది.

మరి ప్రతిపాదన ఎక్కడి నుంచి వస్తుంది? నా అనుభవంలో అది ఇతివృత్తం పేరు నుంచి రాదు. కథలో మనకు కొంచెం వింతగా తోచి, చదువుతున్నప్పుడు ఒక క్షణం ఆగిపోయిన చోటు నుంచి వస్తుంది. ఈ కథలో అలాంటి చోటు ఒకటి చూద్దాం. కథ నడిచేది గోపాలరావు భార్య కమలిని వల్ల. కానీ చివరి దాకా ఆమె మన కంటికి కనిపించదు. భర్త తలుపు దగ్గర పిలిచినప్పుడు పలకదు, గదిలో ఉండదు. ఉత్తరంలో ఉంటుంది, చివర మంచం కింద నుంచి వినిపించే నవ్వుగా, గాజుల చప్పుడుగా ఉంటుంది. ఇంత ముఖ్యమైన పాత్రను రచయిత ఎందుకు దాచి ఉంచాడు? ఈ ప్రశ్న అడిగిన మరుక్షణం మీరు సారాంశం వదిలి విమర్శలోకి వచ్చినట్టే.

ఇప్పుడు ఉత్తరాన్ని దగ్గరగా చూడండి. అది ‘అయ్యా’ అన్న సంబోధనతో మొదలవుతుంది. ‘ప్రియా’ పోయి ‘అయ్యా’ దగ్గరికి వచ్చిందా అని గోపాలరావు నివ్వెరపోతాడు. పక్కనున్న నౌకరు రాముడు దాన్ని ‘పెయ్య’గా విని, పెయ్య పోయిందా అని అడుగుతాడు. మనం నవ్వుకుని ముందుకు వెళ్లిపోతాం కానీ, ఆ ఒక్క సంబోధనతోనే కమలిని భర్తకు తనతో ఉన్న చనువును వెనక్కి తీసుకుంది. తరువాతి వాదన ఇంకా నేర్పుగా ఉంటుంది. రాత్రుళ్లు ఆటపాటలకు పోతూ మీటింగులని అబద్ధాలాడుతున్నారని ఆమె నిలదీయదు. నేను ఇంట్లో ఉండడం వల్లనే కదా మీరు అబద్ధమాడవలసి వస్తోంది, నేను పుట్టింటికి వెళితే ఆ అవసరమే ఉండదు అంటుంది. నింద మొత్తం వినయం వేషంలో వచ్చింది. చదువు వచ్చిన మనిషి చదువు నేర్పిన మనిషి మీదనే ఆ చదువును ప్రయోగించింది.

ఈ పరిశీలనల నుంచి ఇలాంటి ప్రతిపాదన తయారవుతుంది: “కమలినిని చివరి దాకా కనిపించనీయకుండా ఉత్తరం ద్వారానే మాట్లాడించడం వల్ల, ‘దిద్దుబాటు’ స్త్రీ విద్యను భర్త ప్రసాదించిన మేలుగా కాక, భర్తను విచారించడానికి భార్య చేతికి వచ్చిన సాధనంగా చూపిస్తుంది.” దీనితో విభేదించడానికి వీలుంది. ఉత్తరంలోని వినయం నిజమైన వినయమేననీ, కథ చివరకు దాంపత్యం చక్కబడడం దగ్గరే ఆగిందనీ ఒకరు గట్టిగా వాదించవచ్చు. అలా వాదించగలిగినవారు మీకు కనిపిస్తున్నారంటే మీ వాక్యం పని చేస్తోందని అర్థం. కథలో ఏ పద్ధతిని చూస్తున్నారో, దాని వల్ల ఏ అర్థం వస్తోందో, ఏ సులభమైన అర్థాన్ని పక్కన పెడుతున్నారో ఆ ఒక్క వాక్యమే చెప్పడం కూడా గమనించండి.

ముందే స్థిరపరచుకోవాలా అన్న ప్రశ్నకు నా జవాబు: ఒక తాత్కాలిక ప్రతిపాదనతో మొదలుపెట్టండి. చిత్తుప్రతి పూర్తయ్యేసరికి చివరి పేరాలో, మీకు తెలియకుండానే, అంతకంటె మంచి వాక్యం రాసి ఉంటారు. దాన్ని తెచ్చి మొదట పెట్టి, వ్యాసాన్ని మళ్లీ రాయండి. ఈ రెండోసారి రాయడాన్ని తప్పించే దారి నాకు తెలిసి లేదు.

సమాధానం (పత్రికా సంపాదకురాలు)

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తూ, పేరాల తొలి వాక్యాల గురించి మాత్రం రాస్తాను. నా దగ్గరికి వచ్చే వ్యాసాల్లో ఎక్కువ భాగం తడబడేది అక్కడే.

మీ మూడు వాక్యాల్లోని క్రియలను చూడండి: వస్తాడు, దొరుకుతుంది, తెలుసుకుంటాడు. మూడూ కథలో జరిగే పనులే. తొలి వాక్యంలో కర్త పాత్ర, క్రియ ఆ పాత్ర చేసిన పని అయినప్పుడు, ఆ పేరా తరువాత ఏం జరిగిందో చెప్పడానికే కట్టుబడిపోతుంది. కర్త స్థానంలో దృశ్యాన్నో, సంభాషణనో, మౌనాన్నో, సంబోధననో నిలబెట్టి, అది పాఠకుడి మీద ఏం సాధిస్తోందో క్రియలో చెప్పండి. “గదిలో అతనికి ఉత్తరం దొరుకుతుంది” అన్నది సంఘటన. “ఎదురుగా నిలబడి అంటే భర్త అడ్డుకోగలిగిన మాటలను ఉత్తరం అడ్డుకోవడానికి వీలులేనివిగా మారుస్తుంది” అన్నది వాదం. గోపాలరావు మధ్యమధ్య ఆగి వాపోతాడు, రాముడితో మాట్లాడతాడు. కానీ అవతల జవాబు ఇవ్వవలసిన మనిషి లేదు కనుక, తిరిగి కాగితం దగ్గరికి రాక తప్పదు. ఈ వివరమంతా పేరా లోపల దానంతట అదే కుదురుకుంటుంది.

తొలి వాక్యం పైకీ కిందికీ చూడాలి. పైన ఉన్న ప్రధాన ప్రతిపాదనలో ఏ ముక్కను ఈ పేరా మోస్తోందో తెలియాలి. కింద ఉన్న ఉదాహరణలన్నీ ఆ వాక్యం నీడలోకి రావాలి. వ్యాసం పూర్తయ్యాక తొలి వాక్యాలను మాత్రం విడిగా ఒక కాగితం మీద రాసుకుని చదవండి. అవి కథను తిరిగి చెబుతున్నట్టు ఉంటే సారాంశం రాశారు. వాటి వరుసను తారుమారు చేసినా తేడా తెలియకపోతే జాబితా రాశారు. ఒకదాని నుంచి ఒకటి పుడుతూ, మూడోది చదవడానికి రెండోది అవసరమైతేనే వ్యాసం రాసినట్టు.

చారిత్రక వివరాలతో పేరా మొదలుపెట్టేవారికి కూడా ఒక మాట. “ఈ కథ 1910లో ఆంధ్రభారతి పత్రికలో అచ్చయింది” అన్నది అవసరమైన సమాచారమే కానీ, అది ఏ పేరానూ నడపలేదు. దాని తరువాత ఏం రావాలో అది చెప్పదు. “ఇది తొలి ఆధునిక తెలుగు కథ” అన్నది వాదంలా కనిపిస్తుంది. అయితే భండారు అచ్చమాంబ గారి ‘ధనత్రయోదశి’ 1902 నాటిదని తెలిసినవారు వెంటనే అడ్డు చెబుతారు. అప్పుడు ఆధునికత అంటే ఏ లక్షణమో, ఆ లక్షణం ఈ కథలో ఎక్కడ ఉందో చెప్పగలిగితే అది నిజమైన తొలి వాక్యం అవుతుంది. చెప్పలేకపోతే ఆ మాటను వదిలివేయడమే మంచిది.

‘చక్కగా’, ‘హృద్యంగా’, ‘అద్భుతంగా’ అన్న క్రియావిశేషణాలను ప్రతిపాదన నుంచీ తొలి వాక్యాల నుంచీ తొలగించండి. మెచ్చుకోవడం తప్పు కాదు. కానీ ఆ మాటలు ఉన్నచోట సాధారణంగా చేయవలసిన పరిశీలన ఆగిపోయి ఉంటుంది.

సమాధానం (తర్కశాస్త్రం చదువుకున్న పాఠకుడు)

ఈ చర్చ చదువుతుంటే మన తర్కశాస్త్రంలోని పంచావయవ వాక్యం గుర్తుకు వచ్చింది: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండ మీద నిప్పు ఉంది. ఎందుకంటే పొగ కనిపిస్తోంది. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది, వంటయింట్లో లాగా. ఈ కొండ మీదా అటువంటి పొగే ఉంది. కనుక నిప్పు ఉంది. సాహిత్య వ్యాసానికి ఇది అచ్చంగా అతికినట్టు సరిపోదు. అయినా ప్రధాన ప్రతిపాదనను ప్రతిజ్ఞగానూ, పేరాల తొలి వాక్యాలను హేతువులుగానూ చూస్తే, విద్యార్థుల వ్యాసాల్లో ఏ మెట్టు కనబడకుండా పోతోందో స్పష్టంగా తెలుస్తుంది. అది ఉపనయం. కథలోని మాటను ఉటంకించి, వెంటనే తరువాతి విషయానికి వెళ్లిపోతారు. ఉటంకించిన మాట తాము చెప్పిన హేతువుకు ఎలా చెందుతుందో చెప్పరు.

ఉదాహరణకు, స్త్రీ విద్య గురించి గోపాలరావు రాముడికి చేసే బోధ ఉంది. శివుడు పార్వతికి సగం దేహం ఇచ్చాడంటాడు, ఇంగ్లీషువాడు భార్యను ‘బెటర్ హాఫ్’ అన్నాడంటాడు. దీన్ని ఉటంకించి “ఇలా గురజాడ స్త్రీ ఔన్నత్యాన్ని చాటారు” అని ముగించిన వ్యాసాలు నేను చూశాను. ఆ బోధ చేస్తున్నవాడు ఆ రాత్రి ఎక్కడి నుంచి ఇంటికి వచ్చాడో, బోధ వింటున్న రాముడు తనకేమీ బోధపడలేదని ఎందుకు అంటాడో చెబితేనే ఆ ఉటంకింపు వాదానికి అందుతుంది. అప్పుడది ఔన్నత్యాన్ని చాటడం కాదు, ఆదర్శం నోటి దగ్గర ఆగిపోయిన మనిషిని చూపించడం.

ఒక్క విషయంలో మాత్రం పై ఇద్దరితో కొంత విభేదిస్తాను. తొలి వాక్యంలోనే వాదం ఉండి తీరాలన్న నియమాన్ని పరీక్షల్లో రాసే చిన్న వ్యాసాలకు ఖచ్చితంగా పాటించండి. అక్కడ సమయం తక్కువ, చదివేవారికీ ఓపిక తక్కువ. పెద్ద వ్యాసంలో కొన్ని పేరాలు ముందు ఒక వివరాన్ని చూపించి, మూడో నాలుగో వాక్యంలో వాదాన్ని బయటపెట్టవచ్చు. ‘అయ్యా’ అన్న సంబోధనను ముందు పాఠకుడి ఎదుట ఉంచి, దాని అర్థాన్ని తరువాత విప్పడం అందుకు మంచి అవకాశం. అయితే ఆ వాక్యం పేరాలో ఎక్కడ ఉందని అడిగితే మీరు వేలు పెట్టి చూపించగలగాలి.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినవి దగ్గర పెట్టుకుని మళ్లీ రాశాను. ఇచ్చిన వాక్యాన్నే తీసుకోవడం ఇష్టం లేక, నా ప్రతిపాదనను ఇలా మార్చాను: “కమలిని ఉత్తరం భర్తను నేరుగా నిందించకుండా నిందను తన మీదనే వేసుకోవడం వల్ల, గోపాలరావు తన తప్పును ఎవరో చెప్పగా ఒప్పుకోవడం కాక తానే చదివి తెలుసుకోవలసి వస్తుంది, ఇది స్త్రీ విద్య ప్రయోజనాన్ని కూడా తెలియజేస్తుంది.” మూడో పేరా తొలి వాక్యం: “అయితే కథ చివర వినిపించే నవ్వు, ఉత్తరంలో కనిపించిన ఎడబాటు ఎంతవరకు నిజమన్న సందేహాన్ని కలిగిస్తుంది.” ఈ ‘అయితే’ నా వాదాన్నే దెబ్బతీస్తుందేమోనని భయంగా ఉంది. తీసివేయమంటారా?

సమాధానం (తెలుగు అధ్యాపకుడు)

ఇది నేను ఇచ్చిన వాక్యం కంటె మంచిది, ఎందుకంటే మీరు ఉత్తరంలోని మాటతీరును పట్టుకున్నారు. చివరి కామా తరువాత ఉన్న భాగాన్ని మాత్రం కొట్టివేయండి. అక్కడ మీ పాత ప్రతిపాదన తిరిగి దూరింది, పైగా అది మొదటి భాగానికి ఏమీ చేర్చడం లేదు.

‘అయితే’ను ఉంచండి. మీమాంసా శాస్త్రంలో పూర్వపక్షం, అంటే ఎదుటివారి ఆక్షేపణ, లేకుండా సిద్ధాంతం లేదు. మీ వ్యాసంలో ఆ స్థానం ఈ పేరాదే. కానీ సందేహం కలుగుతుందని చెప్పి ఊరుకుంటే పేరా గాలిలో నిలుస్తుంది, కనుక ఆ సందేహానికి మీ జవాబును కూడా తొలి వాక్యంలోకి తీసుకురండి. కమలిని మంచం కిందే ఉంది కనుక, ఇక ఆటలకూ పాటలకూ పోనన్న భర్త మాటలన్నీ స్వయంగా విన్నది. అంటే ఉత్తరంతో మొదలైన విచారణకు ఆమె సాక్షి కూడా అయింది. వాక్యాన్ని ఇలా దిద్ది చూడండి: “అయితే కథ చివర వినిపించే నవ్వు కమలిని ఎడబాటు నిజం కాదని తేల్చినా, గోపాలరావు పశ్చాత్తాపాన్ని ఆమె మొదటి నుంచీ వింటూనే ఉందని కూడా తేల్చి, ఉత్తరం చేసిన పనిని పూర్తిచేస్తుంది.” ఇది కొంచెం పొడవుగా ఉంది, ‘మొదటి నుంచీ’ అవసరమా కాదా అన్నది కథను మరోసారి చదివి మీరే నిర్ణయించండి.