డౌన్ సిండ్రోమ్: ఎలుకల్లో ఫలించిన మందులు మనుషుల్లో ఎందుకు ఫలించడం లేదు?

మా ఆరేళ్ల బాబు క్రోమోజోముల పరీక్ష నివేదికలో "47, ఎక్స్‌వై, +21" అని ఉంది, అంటే 21వ క్రోమోజోము ఒకటి అదనంగా ఉండే డౌన్ సిండ్రోమ్ అన్నమాట. ఆ అదనపు 21వ క్రోమోజోము సంగతిని 1959లో ఫ్రెంచ్ జన్యుశాస్త్రవేత్త జెరోమ్ లెజూన్ బృందం వెల్లడించింది. అప్పటి నుంచి జరిగిన పరిశోధనలను అర్థమైనంత మేరకు చదువుతున్నాను. డిర్క్‌1ఎ వంటి, ఆ క్రోమోజోము మీది జన్యువులు రెండుకు బదులు మూడు ప్రతులుగా ఉండటం వల్ల గర్భంలోనే నాడీ మూలకణాల విభజన మందగించి, న్యూరాన్లు (నాడీకణాలు) తక్కువగా తయారవుతాయని తెలుసుకున్నాను.

నాకు అంతుపట్టనిది ఒకటే. డౌన్ సిండ్రోమ్‌కు నమూనాగా ప్రయోగశాలల్లో వాడే టీఎస్65డీఎన్ అనే ఎలుకల్లో జ్ఞాపకశక్తిని మెరుగుపరచిన మందులు మనుషుల మీద జరిపిన పరీక్షల్లో ఆశించిన ఫలితం ఇవ్వలేదు. ఆ ఎలుకల్లో మన 21వ క్రోమోజోముతో సంబంధం లేని జన్యువులు కూడా అదనంగా ఉండటమే ఇందుకు ప్రధాన కారణమా, లేక పుట్టాక, అదీ పెద్దయ్యాక, మందు మొదలుపెట్టడం వల్ల మెదడు ఎదిగే అదను దాటిపోతోందా? 2013లో ఎక్సిస్ట్ జన్యువు (ఆడవారి కణాల్లో ఒక ఎక్స్ క్రోమోజోమును సహజంగా పనిచేయకుండా ఆపేది) సాయంతో ప్రయోగశాల కణాల్లో ఆ అదనపు 21వ క్రోమోజోమును నిశ్శబ్దపరచారని చదివి చాలా సంతోషించాను, కానీ కణాలకూ పిల్లవాడికీ మధ్య దూరం ఎంతో నాకు తెలుసు.

న్యూరాన్ల సంఖ్య పుట్టుకకు ముందే చాలావరకు ఖరారైనా, వాటి మధ్య అనుసంధానాలు బాల్యమంతా ఏర్పడుతూనే ఉంటాయి కదా. ఆ దశను లక్ష్యంగా చేసుకున్న పరిశోధనలు ఎంతవరకు వచ్చాయో జన్యుశాస్త్రం, నాడీశాస్త్రం తెలిసినవారు దయచేసి వివరించగలరు.