.50 మజిల్‌లోడర్‌తో జింక వేట: సాబోనా, కానికలా?

ప్రశ్న:
నాది మజిల్‌లోడర్, అంటే మందు, తూటా మూతి నుంచి కూరే రైఫిల్. .50 అంగుళాల ఇన్‌లైన్ (ప్రైమర్ మందుకి సూటిగా వెనక ఉండే రకం), ట్విస్ట్ 1:28, అంటే బ్యారెల్ లోపలి గాళ్లు 28 అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతాయి. వైట్‌టెయిల్ జింకలకి, 150 గజాల లోపు. మందు ట్రిపుల్ సెవెన్ పొడి (నల్లమందుకి బదులు వాడేది). 250 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే సుమారు 0.065 గ్రాము) సాబో తూటా (ప్లాస్టిక్ తొడుగులో కూర్చున్న సన్న తూటా), 350 గ్రెయిన్ల సీసం కానికల్ (తొడుగు లేని, బ్యారెల్‌కి సరిపడా లావున్న పొడుగు తూటా), గుడ్డలో చుట్టి కూరే గుండు: ఈ మూడింట్లో ఏది నయం? ఇంకోటి, మొదటి తూటా హాయిగా దిగుతోంది, రెండోది మందుకి అంగుళం పైన బిగుసుకుంటోంది. ఎందుకని?

జవాబు 1:
ముందు బిగుసుకునే సంగతి. ట్రిపుల్ సెవెన్ కాలాక మందు ఉండే చోటుకి కాస్త పైన గట్టి మసి కట్టు కడుతుంది. ప్రతి షాట్ తర్వాత తడి ప్యాచ్ (గుడ్డ ముక్క) ఒకటి, వెంటనే పొడి ప్యాచ్ ఒకటి లాగండి. తడి కారేలా ఉండకూడదు, బ్రీచ్ ప్లగ్‌లోకి (బ్యారెల్ వెనక బిగించే మరమూత) దిగితే తర్వాతి షాట్ పేలదు. తూటాకి, మందుకి మధ్య ఖాళీ ఉండగా కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది, పగలొచ్చు కూడా. పూర్తిగా దిగినప్పుడు రామ్‌రాడ్ (తూటా కూరే కడ్డీ) మీద మూతి దగ్గర గీత పెట్టుకోండి. గీత మూతి దాకా రాకపోతే కాల్చొద్దు. ఎంతకీ దిగకపోతే ప్రైమర్ (మందుని అంటించే చిన్న క్యాప్) తీసేసి, బ్రీచ్ ప్లగ్ విప్పి, తూటాని రామ్‌రాడ్‌తో వెనక నుంచి బయటికి నెట్టేయాలి.

ఇక తూటా. 1:28కి గుండు నప్పదు, దానికి 1:60 పైన ఉండే నెమ్మది ట్విస్ట్ కావాలి. పైగా .490 గుండు బరువు 177 గ్రెయిన్లే, 100 గజాలు దాటేసరికి శక్తి సగానికి పైగా పోతుంది. మీ దూరానికి 250 గ్రెయిన్ల సాబోనే. కానీ .45 పిస్టల్ కోసం చేసిన పల్చటి తూటా వద్దు. దగ్గర్లో భుజం ఎముకకి తగిలితే లోపలికి పోకముందే ముక్కలవుతుంది. మజిల్‌లోడర్‌కని చేసినదో, పూర్తి రాగిదో తీసుకోండి.

మందు 80 గ్రెయిన్లతో మొదలుపెట్టి అయిదేసి పెంచండి, మాన్యువల్‌లో రాసిన హద్దు దాటొద్దు. ఇది తూకం కాదు, కొలపాత్ర లెక్క. నల్లమందు లెక్క చూసి పోసేవాళ్లు 15 శాతం తగ్గించాలి, ఇది అంత బలమైనది. స్మోక్‌లెస్ పౌడర్ (మామూలు రైఫిల్ తూటాల్లో ఉండే మందు) మాటే వద్దు.

జవాబు 2:
పై జవాబు బాగుంది గానీ ఏ రాష్ట్రమో అడగలేదు! కొలరాడో మజిల్‌లోడర్ సీజన్‌లో సాబో, పెల్లెట్ మందు (బిళ్లలుగా అచ్చుపోసినది), స్కోప్ మూడూ నిషేధం. అక్కడైతే కానికలే దారి. బరువెక్కువ, వేగం తక్కువ కాబట్టి త్వరగా కిందికి జారుతుంది. 100 గజాలే హద్దనుకోండి. కింద ఫెల్ట్ వాడ్ (ఉన్ని బిళ్ల) వేస్తే అడుగు కరగకుండా కాపాడుతుంది. వదులు కానికల్‌తో ఇంకో చిక్కు: మూతి కిందికి వంచి నడిస్తే మందు మీంచి జారిపోతుంది. గురి పెట్టే చోటికి చేరాక రామ్‌రాడ్ గీత మళ్లీ చూడాల్సిందే.

ప్రశ్న అడిగినవారు:
మా రాష్ట్రంలో సాబోకి అనుమతి ఉంది. మసి తుడిచినా గ్రూప్ విచ్చుకుంటే (టార్గెట్ మీద తూటాలు దూరదూరంగా పడితే) తూటా మార్చాలా?

జవాబు 3:
ముందు సాబో మార్చండి. కాల్చిన సాబోలు ముందు నేల మీద పడి ఉంటాయి, ఏరి చూడండి. రెక్కలు నాలుగూ సమానంగా విచ్చుకుంటే మంచిదే. రెక్క ఊడినా, అడుగు కరిగినా తప్పు సాబోది, లేదా మందు ఎక్కువైంది. బ్యారెల్ వేడిగా ఉండగా కూరినా ప్లాస్టిక్ మెత్తబడుతుంది, చేతికి చల్లగా తగిలేదాకా ఆగండి.