థింకింగ్ డేని ప్రసంగాలు లేకుండా చేసినవాళ్ళున్నారా?

కొత్తలీడర్: మా గైడ్స్ గుంపులో 24 మంది, ఏడేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా. ఫిబ్రవరి 22న థింకింగ్ డే, అంటే ప్రపంచంలోని గైడ్స్ అంతా ఒకరినొకరు తలుచుకునే రోజు. దానికి గంటన్నర టైముంది. పోయినసారి నలుగురు పెద్దలు మైకు వదల్లేదు. వెనక వరుసలో పిల్లలు ఒకరి స్కార్ఫు ఇంకొకరి స్కార్ఫుకి ముడేసుకుని కూర్చున్నారు, లేచేటప్పుడు గానీ తెలీలేదు. ఈసారి అలా వద్దు. మీరేం చేశారో చెప్పండి.

పాతగైడ్: కథ రెండు నిమిషాల్లో తేల్చెయ్యండి. స్కౌట్ ఉద్యమం మొదలుపెట్టిన బేడెన్ పవెల్ (1857), ఆయన భార్య ఒలేవ్ (1889) ఇద్దరి పుట్టినరోజూ ఫిబ్రవరి 22 అని, 1926లో అమెరికాలో జరిగిన గైడ్స్ ప్రపంచ సమావేశంలో ఆ తేదీనే పెట్టుకున్నారు. ఇది చెప్పగానే మా పిల్లల ప్రశ్న ఒకటే: "ఇద్దరికీ కలిపి ఒకే కేకా?" ఇక అక్కణ్ణుంచి వాళ్ళే నడిపిస్తారు.

మూడురెబ్బలు: మేం గదినే ప్రపంచం చేశాం. గైడ్స్ ప్రపంచ కేంద్రాలున్నాయి కదా, స్విట్జర్లాండ్‌లో అవర్ షాలే (1932), మెక్సికోలో అవర్ కబానా (1957), పుణెలో సంగం (1966), ఒక్కో గుంపుకి ఒక్కో కేంద్రం పేరు, తలా ఒక మూల. ఆఫ్రికాలోని కుసఫిరి అనే కేంద్రానికి మాత్రం సొంత భవనం లేదు, దేశం నుంచి దేశానికి తిరుగుతుంటుంది. అందుకని ఆ గుంపుకి మూల ఇవ్వలేదు. గంటసేపూ తిరుగుతూనే ఉన్నారు, ప్రతి మూలలో ఒక ప్రశ్న అడిగి జవాబు పట్టుకుపోయారు. చివరికి అందరూ ఆ గుంపులోకే వస్తామని గొడవ.

అమ్మవాలంటీర్: కొవ్వొత్తులు మాత్రం పెట్టకండి. మా దగ్గర ఎవరో ఫ్యాను వేశారు, మంట పక్కకి వాలింది, ఒక పాప జడ రిబ్బను అంచు కమిలింది. పాపకేం కాలేదు గానీ నా గుండె ఆగినంత పనైంది. టార్చిలైట్లు చాలు.

పెట్రోల్‌లీడర్15: అక్కా, ముందు మీ పిల్లల్ని అడిగారా? మా కెప్టెన్ ఒక మీటింగు మొత్తం పెట్రోల్స్‌కి వదిలేశారు. (పెట్రోల్ అంటే బండిలో పోసేది కాదు, గైడ్స్‌లో చిన్న జట్టు అని మా అమ్మకి ఇప్పటికీ చెప్పాల్సొస్తోంది.) మేం వేరే దేశం గైడ్స్‌కి ఉత్తరాలు రాద్దామన్నాం. జనవరిలో పోస్టు చేస్తే జవాబు ఏప్రిల్‌లో వచ్చింది, కాబట్టి మీరు ఈసారికి మానెయ్యండి. వచ్చే ఏడాదికైతే డిసెంబరు మొదట్లోనే పంపండి. పిల్లల ఇంటి అడ్రసులు వద్దు, లీడర్‌దే ఇవ్వండి.

కొత్తలీడర్: అడగలేదమ్మా. శనివారం అడుగుతా. మరి థింకింగ్ డేకి పిల్లలు కానుకగా ఇచ్చే నాణేల సంగతి? ఇవ్వలేని పిల్లలున్నారు.

పాతగైడ్: నాణేల పద్ధతి 1932లో పోలండ్ సమావేశంలో మొదలైంది. పుట్టినరోజంటే శుభాకాంక్షలేనా, కానుక వద్దా అని బెల్జియం ప్రతినిధి ఒకరు అడిగారట. తలా ఒక పెన్నీ అనుకున్నారు, అంతే. ఎవరెంతిచ్చారో చదవడం నాకు అస్సలు నచ్చదు. చెయ్యి పట్టేంత కన్నమున్న డబ్బా పెట్టండి. ప్రతి పిల్లా పిడికిలి మూసి లోపల పెట్టి, తెరిచి తియ్యాలి. ఖాళీ పిడికిలైనా సరే, శబ్దం రాకుండా అడుగున గుడ్డ వెయ్యండి.

మూడురెబ్బలు: ఆ గుడ్డ ఆలోచన నేను తీసుకుంటున్నా.

కొత్తలీడర్: ఒక్కటే చిక్కు. ముఖ్య అతిథిని ఇప్పటికే పిలిచేశాం. ఆయన మైకు పడితే దించరు.

మూడురెబ్బలు: ఆయన్ని కుసఫిరి గుంపులో వేసెయ్యండి. నడుస్తూ ఎంతసేపని మాట్లాడతారు!