షేక్‌స్పియర్ సాయంత్రం: ఉపన్యాసానికి బదులు రెండు దృశ్యాలు

నాటక విభాగం:
అందరికీ నమస్కారం. ఏప్రిల్ 23 షేక్‌స్పియర్ వర్ధంతి. దానికి దగ్గరి శనివారం సాయంత్రానికి బర్మింగ్‌హామ్‌లో హాలు ఖాయమైంది. పోయిన సమావేశంలో గంటసేపు ఉపన్యాసం పెడదామని అనుకున్నాం కానీ, నాకు మనసొప్పడం లేదు. ఆయన మన ఇళ్లలోకి ఎలా వచ్చాడో ఆడి చూపిద్దాం.

మొదట ‘కింగ్ లియర్’ తొలి దృశ్యం. ముసలి రాజు రాజ్యం పంచుతూ, తన మీద ఎవరికెంత ప్రేమో చెప్పమని ముగ్గురు కూతుళ్లను అడుగుతాడు. పెద్దవాళ్లిద్దరూ పొగడ్తలతో ముంచెత్తుతారు. చిన్నది కార్డీలియా మాత్రం ‘ఏమీ లేదు’ అంటుంది. ఆ ఒక్క మాటకే ఆమె వాటా పోతుంది. అక్కడ దీపాలు ఆర్పుదాం. మళ్లీ వెలిగేసరికి అదే సింహాసనం, అదే ముసలి రాజు. కానీ ఇప్పుడు నడిచేది ‘గుణసుందరి కథ’. 1949లో పింగళి నాగేంద్రరావు రచనతో కె.వి. రెడ్డి తీసిన ఆ సినిమాకు లియర్ కథే మూలం. ఇక్కడ చిన్న కూతురు భర్తే తనకు దైవమంటుంది, తండ్రి మండిపడి ఆమెను అవిటివాడికి కట్టబెడతాడు. సంభాషణలు మనమే కొత్తగా రాసుకుందాం.

భోజనాల విభాగం:
అక్కా, ఒక సందేహం. లియర్‌లో చివరికి తండ్రీ కూతురూ ఇద్దరూ చనిపోతారు. మన సినిమా సుఖాంతం. కథను పాడుచేశారని ఇక్కడి అతిథులు అనుకోరా?

నాటక విభాగం:
మంచి ప్రశ్న తమ్ముడూ. ఆ పని ముందు చేసింది ఇంగ్లీషువాళ్లే. 1681లో నేహమ్ టేట్ అనే కవి లియర్‌ను తిరగరాసి కార్డీలియాను బతికించాడు, నాటకంలోని ఎడ్గార్ అనే యువకుడితో పెళ్లి కూడా చేశాడు. నూటయాభై ఏళ్లపాటు లండన్ రంగస్థలాన్ని ఏలింది ఆ సుఖాంతమే. మాక్రెడీ అనే నటుడు 1838లో షేక్‌స్పియర్ పాఠాన్ని మళ్లీ వేదికెక్కించాడు. కూతురి శవాన్ని చేతుల మీద మోసుకొచ్చే తండ్రిని చూసి తట్టుకోవడం ఎవరికైనా కష్టమే. రెండు దృశ్యాల మధ్య ఈ సంగతి తప్పకుండా చెప్పాలి.

పిల్లల విభాగం:
మా అబ్బాయికి ఈ ఏడు బడిలో ‘మాక్‌బెత్’ పాఠం. షేక్‌స్పియర్ పోయిన ఏడేళ్లకు, 1623లో, తోటి నటులు హెమింగ్స్, కాండెల్ నాటకాలు పోగుచేసి ‘ఫోలియో’ అనే పెద్ద సైజు సంపుటంగా అచ్చు వేయించకపోతే అది మనకు దక్కేదే కాదు. ‘జూలియస్ సీజర్’ కూడా అంతే. దాన్నే వావిలాల వాసుదేవశాస్త్రి పందొమ్మిదో శతాబ్దంలో ‘సీజరు చరిత్రము’గా తెలుగు చేశారు. ఈ రెండు ముక్కలూ పిల్లలే చెబుతారు, అయిదు నిమిషాలు ఇవ్వండి.

నాటక విభాగం:
అయిదు కాదు, పది తీసుకోండి. రాజు వేషానికి అరవై దాటినవారు ఎవరైనా ఉన్నారా?

భోజనాల విభాగం:
మా మామయ్యగారు ఊరి నుంచి వచ్చి ఉన్నారు. వయసులో పౌరాణిక నాటకాలు ఆడినవారు. ఇద్దరు రాజులనూ తానే వేస్తానంటున్నారు, ఇంగ్లీషు మాటలు మాత్రం తెలుగు లిపిలో, పెద్ద అక్షరాలతో రాసివ్వమన్నారు.