లినక్స్‌లో విండోస్ గేమ్ ఆగి ఆగి నడుస్తోంది, జర చూడండి

మాది హనుమకొండ. 2025 అక్టోబర్‌తో విండోస్ 10కి సపోర్ట్ అయిపోయింది కదా, పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ వేసుకున్నాను. మిగతా పనులన్నీ బాగానే నడుస్తున్నాయి, తంటా అంతా గేమ్స్‌తోనే.

గేమ్స్ యాప్ స్టీమ్‌లో ప్రోటాన్ (విండోస్ గేమ్స్‌ను లినక్స్‌లో నడిపే టూల్) పెడితే నా కార్ రేసింగ్ గేమ్ ఓపెన్ అవుతోంది, సెకనుకు 60 ఫ్రేమ్‌ల (ఎఫ్‌పీఎస్) దాకా వస్తోంది. కానీ కొత్త మలుపు వచ్చినా, వాన మొదలైనా బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. ఈలోగా కారు పోయి గోడకు గుద్దుకుంటుంది. రెండో ల్యాప్‌లో అదే మలుపు దగ్గర ఏమీ కాదు! విండోస్ గ్రాఫిక్స్ పద్ధతి డైరెక్ట్‌ఎక్స్‌ను లినక్స్‌లో నడిచే వల్కన్‌లోకి మార్చేటప్పుడు షేడర్లు (బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాములు) అప్పటికప్పుడు తయారవడం వల్లేనని నా అనుమానం. మరి స్టీమ్‌లో వాటిని ముందే తయారుచేసి పెట్టే షేడర్ ప్రీ-క్యాషింగ్ ఆన్‌లోనే ఉంది, అయినా ఎందుకిలా?

ఇంకో సంగతి, గేమ్ ఇంకా విండోస్ నాటి ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్ డ్రైవ్‌లోనే ఉంది. ప్రోటాన్‌కు అది పడదని, లినక్స్ ఫార్మాట్ ఈఎక్స్‌టీ4లో పెట్టుకోవాలని చదివాను. అక్కడ జాగా లేదు, మళ్లీ డౌన్‌లోడ్ చేద్దామంటే మొబైల్ డేటానే దిక్కు. ప్రోటాన్ తన ఫైళ్లు పెట్టుకునే కంపాట్‌డేటా ఫోల్డర్ ఒక్కటే అటు మార్చి లింక్ ఇస్తే సరిపోతుందా?

ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్‌లు రెండున్నాయి. గేమ్ ఏది వాడుతోందో గేమ్ మీద ఎఫ్‌పీఎస్ లాంటివి చూపే మ్యాంగోహడ్‌లో కనిపిస్తుందా? ర్యామ్ 8 జీబీ.

నయీంనగర్‌లో ఒక షాపులో అడిగితే మళ్లీ విండోస్ వేసిస్తానన్నాడు. ఆ సలహా మా దోస్తులు ఫ్రీగానే ఇస్తున్నారు. అది తప్ప ఏదైనా చెప్పండి అన్నా, ముందు డ్రైవ్ సంగతి చూడాలా, గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చాలా? ఏ లాగ్ కావాలన్నా రాత్రికి పెడతాను.